మూతపడ్డ పేట ఆసుపత్రులు – 5: కాపలాకు కూలి ఎవరిస్తారు?

న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిని చంపిందెవరని అడిగితే అక్కడి పాతకాపులు తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: స్థలం. మన్‌హాటన్‌లో సెవెంత్ అవెన్యూ మీద, పదకొండో పన్నెండో వీధుల మధ్య ఆ ఆసుపత్రి ఉన్న నేల బంగారంతో తూగేది. 2010 ఏప్రిల్ 30న ఎమర్జెన్సీ తలుపులు మూశారు. మరుసటి ఏడాది దివాలా కోర్టు అనుమతితో రూడిన్ కుటుంబపు రియల్ ఎస్టేట్ సంస్థ ఆ ఆస్తిని 260 మిలియన్ డాలర్లకు కొనుక్కుంది. ఇంకో నాలుగైదేళ్లు తిరిగేసరికి అక్కడ ‘గ్రీనిచ్ లేన్’ పేరుతో రెండు వందల దాకా ఖరీదైన ఫ్లాట్లు లేచాయి. కలరా రోగుల కోసం మఠకన్యలు పెట్టిన ధర్మాసుపత్రి 160 ఏళ్ల తర్వాత కోటీశ్వరుల పడకగదులుగా మారింది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలని వాళ్లు అడుగుతారు. కథ ఇంత పొందికగా ఉండటమే నాకు అనుమానం. శవం మీది నగలు ఎవరికి దక్కాయో చూసి హంతకుడు వాడేనని తేల్చలేం. నేల అమ్ముడుపోయింది ఆసుపత్రి చచ్చాక. అంతకుముందే దాన్ని తినేసిన జబ్బు వేరే ఉంది. పేట ఆసుపత్రి జనానికి చేసే అసలు ఉపకారం వైద్యం కాదు, కాపలా. ఆ కాపలాకు కూలి ఇచ్చే ఏర్పాటు ఆ దేశపు లెక్కల పుస్తకాల్లో లేదు. ఈ భాగంలో నేను వాదించబోయేది ఇదే.

మొదట కూలి లేకుండా కాపలా ఎలా నడిచిందో చూడాలి. 1849లో న్యూయార్క్‌లో కలరా ప్రబలి అయిదు వేలకు పైగా జనం చనిపోయారు. అప్పటికి నాలుగేళ్లుగా ఐర్లండ్‌లో బంగాళాదుంప పంట తెగులుతో నాశనమై, కరువు తట్టుకోలేక ఓడలెక్కిన లక్షలమంది ఈ రేవులో దిగుతున్నారు. వాళ్లు ఉండేది ఇరుకు గదుల్లో, చేసేది రేవు కూలి, చచ్చేది ముందుగా వాళ్లే. నగరంలో ఆసుపత్రులు లేక కాదు. బెల్‌వ్యూ ఉంది, కానీ అది పేదల శాలగా మొదలైనది, అక్కడికి వెళ్లడమంటే బిచ్చగాళ్ల జాబితాలో చేరడమే అన్నంత నామోషీ. న్యూయార్క్ హాస్పిటల్ ఉంది, అది ప్రొటెస్టెంట్ పెద్దలది. కాథలిక్ ఐరిష్ కూలీకి రెండు చోట్లా పరాయితనమే. ఆ ఏడాది నవంబరులో సిస్టర్స్ ఆఫ్ చారిటీ మఠానికి చెందిన నలుగురు కన్యలు పదమూడో వీధి తూర్పు భాగంలో ఒక ఇటుకల ఇల్లు అద్దెకు తీసుకుని 30 పడకలు వేశారు. వాళ్ల పెద్ద సిస్టర్ మేరీ ఏంజెలా హ్యూస్. అప్పటి బిషప్ జాన్ హ్యూస్ ఆమెకు స్వయానా అన్న. ఇవ్వగలిగినవాళ్లు కొంత ఇచ్చేవారు, లేనివాళ్లు దణ్ణం పెట్టి వెళ్లేవారు. కొన్నేళ్లకే చోటు చాలక పదకొండో వీధికి, సెవెంత్ అవెన్యూ మూలకు, అంతకుముందు అనాథ పిల్లల ఆశ్రమం ఉన్న చోటికి మారారు. ఆ తర్వాత ఆ మూల వదల్లేదు.

ఈ ఏర్పాటులో గమనించాల్సింది భక్తి కాదు, ఖాతా. ఆ నలుగురికీ, తర్వాత వందేళ్లపాటు వచ్చిన సిస్టర్లకీ జీతం లేదు. వార్డులో రాత్రంతా మేలుకున్నవాళ్లు, వంటింట్లో గంజి కాచినవాళ్లు, దుప్పట్లు ఉతికించినవాళ్లు, చివరికి ఆసుపత్రి పద్దులు రాసినవాళ్లూ వాళ్లే. రోగి వచ్చినా రాకపోయినా వాళ్లు అక్కడే ఉంటారు, అక్కడే తింటారు, అక్కడే పడుకుంటారు. ఇవాళ ఏ ఆసుపత్రి యజమానినైనా అడగండి, పైసల్లో సగానికి పైగా జీతాలకే పోతాయని చెబుతాడు. సెయింట్ విన్సెంట్స్ ఆ ఖర్చులో పెద్ద భాగాన్ని సన్యాసం మీద నెట్టేసింది. అంటే కాపలాకు కూలి లేకపోలేదు. దాన్ని మఠం చెల్లించింది, చెల్లించినట్టు ఎక్కడా రాసుకోలేదు. అందుకే అది ఖర్చు అనే సంగతే తర్వాతివాళ్లు మరిచిపోయారు.

ఆ కాపలా విలువ ఎంతో ఆపద ముంచుకొచ్చిన రోజుల్లో బయటపడేది. 1911 మార్చి 25న, వాషింగ్టన్ స్క్వేర్ పక్కన ట్రయాంగిల్ కుట్టు కార్ఖానా తగలబడి 146 మంది చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్న ఆడపిల్లలు. తొమ్మిదో అంతస్తు కిటికీల నుంచి దూకినవాళ్లలో ఊపిరి మిగిలినవాళ్లను మోసుకెళ్లిన చోట్లలో సెయింట్ విన్సెంట్స్ ఒకటి. మరుసటి ఏడాది ఏప్రిల్ 18 రాత్రి, టైటానిక్ నుంచి బతికి బయటపడ్డవాళ్లతో కార్పేథియా ఓడ హడ్సన్ నది మీద 54వ రేవుకు చేరింది. ఆ రేవు నుంచి ఆసుపత్రికి నడిచే దూరమే. వందమందికి పైగా, అందులోనూ ఎక్కువగా మూడో తరగతి ప్రయాణికులు, ఆ రాత్రి అక్కడికే చేరారు. వాళ్లకు అయినవాళ్లు లేరు, అమెరికాలో అడ్రసు లేదు, ఒంటిమీద ఉన్నవి ఓడలో ఎవరో ఇచ్చిన బట్టలు. కవయిత్రి ఎడ్నా సెయింట్ విన్సెంట్ మిలే పేరులో మధ్యన ఉన్నది ఈ ఆసుపత్రే. 1892లో ఆమె పుట్టడానికి కొంచెం ముందు ఆమె మేనమామ ఓడ అడుగున సరుకుల మధ్య చిక్కుకుని చావు అంచుదాకా వెళ్తే ఇక్కడి సిస్టర్లు బతికించారు, ఆ కృతజ్ఞత పాప పేరైంది. 1953 నవంబరులో వేల్స్ కవి డిలన్ థామస్ కన్నుమూసిందీ ఇక్కడే. గొప్పవాళ్ల పేర్లు చెప్పుకుని మురవడానికి కాదు ఇదంతా. వీళ్లెవరూ ఆ ఆసుపత్రిని ఎంచుకుని రాలేదు. దగ్గరగా ఉంది కాబట్టి వచ్చారు. ‘దగ్గర’ అనే ఒక్క గుణం మీద బతికిన సంస్థ అది.

దగ్గరతనాన్ని ఇంకొంచెం సాగదీసే పని కూడా ఇక్కడే జరిగింది. గుండెపోటు వచ్చినవాళ్లలో చాలామంది ఆసుపత్రికి చేరకముందే, మొదటి గంట రెండు గంటల్లోనే పోతారు. గుండె లయ తప్పి కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెడుతుంది, అప్పుడు కరెంటు షాకు ఇస్తే తిరిగి గాడిన పడొచ్చు, ఇవ్వకపోతే నిమిషాల్లో ప్రాణం పోతుంది. 1966లో బెల్‌ఫాస్ట్ నగరంలో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే డాక్టరు, రోగిని షాకు యంత్రం దగ్గరికి తేవడమెందుకు, యంత్రాన్నే రోగి ఇంటికి పంపుదాం అని ఒక వ్యాన్‌లో అమర్చాడు. దాన్ని చూసి సెయింట్ విన్సెంట్స్‌లో విలియం గ్రేస్ 1968లో అమెరికాలో మొట్టమొదటి సంచార గుండె చికిత్స వాహనాన్ని నడిపాడు. ఇవాళ మన దగ్గర 108 బండి లోపల కనిపించే మానిటరు, షాకు పెట్టె లాంటివాటికి మూలం వెతికితే ఈ వ్యాన్ల దగ్గరికే వెళ్తాం. ఆ వ్యాన్ లెక్క కాస్త ఆలోచించండి. డాక్టరు, నర్సు, డ్రైవరు, యంత్రం, పెట్రోలు, అన్నీ పగలూ రాత్రీ తయారుగా ఉండాలి. ఫోను మోగిన అరగంటకు బిల్లు రాయొచ్చు. మోగని మిగతా గంటలకు బిల్లు ఎవరి పేర రాయాలి?

ఇంతకన్నా గట్టి పరీక్ష 1980ల్లో వచ్చింది. గ్రీనిచ్ విలేజ్ అప్పటికి అమెరికాలో స్వలింగ సంపర్కుల పెద్ద ఆవాసాల్లో ఒకటి. 1981 నుంచి ఆ పేటలో పాతిక ముప్ఫై ఏళ్ల కుర్రాళ్లు అంతుపట్టని జబ్బుతో ఎండిపోయి చనిపోవడం మొదలైంది. చాలా చోట్ల ఆ రోగుల గదిలోకి అన్నం పళ్లెం తీసుకెళ్లడానికి కూడా సిబ్బంది జంకేవాళ్లు, గుమ్మం బయట పెట్టి పోయేవాళ్లు. 1984లో సెయింట్ విన్సెంట్స్ ఎయిడ్స్ కోసం ప్రత్యేక వార్డు తెరిచింది. అమెరికా తూర్పు తీరంలో ఇలాంటివాటిలో ఇదే తొలినాటిది. కాథలిక్ సిద్ధాంతానికీ ఆ వార్డులో పడుకున్నవాళ్ల జీవితాలకూ ఎంత దూరమో చెప్పక్కర్లేదు. అంతా సాఫీగా నడవలేదు కూడా. కొందరు సిబ్బంది స్వలింగ జంటల పట్ల మొరటుగా ప్రవర్తించారని గొడవలు లేచాయి, ఆసుపత్రికి కూతవేటు దూరంలో పదమూడో వీధిలోనే 1987లో పుట్టిన యాక్ట్ అప్ అనే ఎయిడ్స్ ఉద్యమ సంస్థ కార్యకర్తలు ఎమర్జెన్సీలోకి వచ్చి నిరసన తెలిపారు. అయినా జబ్బు పడితే అదే గుమ్మం ఎక్కారు, ఆసుపత్రీ తోసిపుచ్చలేదు. పోట్లాడుకుంటూనే ఒకే కప్పు కింద బతికే ఇరుగుపొరుగు తీరు అది. లెక్కలవైపు నుంచి చూస్తే మాత్రం అంతకన్నా నష్టపు బేరం లేదు. నెలల తరబడి మంచం మీదే ఉండే రోగులు, ఉద్యోగంతోపాటే బీమా పోగొట్టుకున్నవాళ్లు, చేయడానికి ఆపరేషనేమీ లేదు, చేయాల్సిందల్లా చేయి పట్టుకుని కూర్చోవడమే.

ఇక 2001 సెప్టెంబరు 11. కూలిన జంట భవనాలకు సెయింట్ విన్సెంట్స్ దాదాపు రెండు మైళ్లు. పెద్ద గాయాలకు చికిత్స చేయగల అత్యున్నత స్థాయి ట్రామా కేంద్రాల్లో ఆ చోటికి అతి దగ్గరిది అదే. ఆ ఉదయం డాక్టర్లు, నర్సులు ఆపరేషన్లు వాయిదా వేసి, పడకలు ఖాళీ చేయించి, సెవెంత్ అవెన్యూ మీద తెల్లటి దుప్పట్లు పరిచిన స్ట్రెచర్లను, చక్రాల కుర్చీలను వరసగా నిలబెట్టారు. సెలైన్ సీసాలు వేలాడదీసి, చేతులకు తొడుగులు వేసుకుని, అంబులెన్సులు వచ్చే దిక్కుకు చూస్తూ నిలబడ్డారు. గాయపడ్డవాళ్లు వందల్లో వచ్చారు. ఎక్కువమందికి కళ్లలో ధూళి, గొంతులో పొగ, విరిగిన ఎముకలు, కాలిన చర్మం. ఎదురుచూసిన వేలమంది మాత్రం రాలేదు. లోపల ఉన్నవాళ్లలో నడవగలిగినవాళ్లు నడిచి బయటపడ్డారు, మిగిలినవాళ్లు శిథిలాల్లోనే ఉండిపోయారు. సాయంత్రానికి స్ట్రెచర్ల మీద దుప్పట్లు నలగకుండా అలాగే ఉన్నాయి. మర్నాటి నుంచి వచ్చింది రోగులు కాదు, ఫొటోలు పట్టుకున్న బంధువులు. ఆసుపత్రి గోడ పొడవునా తప్పిపోయినవాళ్ల బొమ్మలు, పేర్లు, చివరిసారి ఏ అంతస్తులో ఉన్నారో రాసిన కాగితాలు అతికించారు.

నా వాదనకు ఈ ఖాళీ స్ట్రెచర్లే పెద్ద సాక్ష్యం. ఆ రోజు ఆ ఆసుపత్రి చేయగలిగినదంతా చేసింది. లెక్కల పుస్తకంలో చూస్తే రాబడి ఆగింది, ఖర్చు పెరిగింది, అంతే. రోగి రాలేదు కనుక పద్దు లేదు. ఊళ్లో రాత్రి కాపలావాడు ఉంటాడు. దొంగ రాలేదని తెల్లవారి వాడి కూలి కోసేవాడెవడూ ఉండడు, రాకపోవడం వాడు మేలుకున్నందువల్లేనని అందరికీ తెలుసు. అగ్నిమాపక దళానికీ అంతే, నిప్పు అంటుకోని నెలలోనూ జీతాలిస్తారు. ఆసుపత్రికి మాత్రం మంట ఆర్పినప్పుడే డబ్బు. 1983లో అమెరికా ప్రభుత్వం వృద్ధుల వైద్యానికి ఇచ్చే మెడికేర్ చెల్లింపులను జబ్బుకింత అని కట్టేసింది. మన పాఠకులకు దీన్ని విప్పి చెప్పాల్సిన పని లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ప్యాకేజీ కూడా అదే చెట్టుకు కాసిన కాపు. ఫలానా ఆపరేషన్‌కు ఇంత, స్టెంటుకు ఇంత. కేసు వస్తే డబ్బు, డాక్టరు రాత్రంతా కాచుకుని కూర్చున్నందుకు పైసా లేదు. న్యూయార్క్ రాష్ట్రం కొంతకాలం తన సొంత పద్ధతి నడుపుకుంది. ఎవరు ఎంత చెల్లించాలో ప్రభుత్వమే ధరలు నిర్ణయించేది, ఆ ధరల్లోంచే కొంత పక్కకు తీసి బీదలకు ఉచితంగా చూసే ఆసుపత్రులకు పంచేది. మఠకన్యల చాకిరీ తగ్గిపోయిన కాలంలో కాపలాకు చాటుగా కూలి ముట్టింది ఇలాగే. 1996లో శాసనం చేసి ఆ ధరల నియంత్రణ ఎత్తేశారు. ఆ మర్నాటి నుంచి బీమా కంపెనీతో ఎవరి బేరం వాళ్లదే. 1997లో వాషింగ్టన్ చేసిన బడ్జెట్ చట్టం మెడికేర్ చెల్లింపులనూ కోసింది. సెయింట్ విన్సెంట్స్‌కు అసలు ఎదురుదెబ్బ తగిలింది ఈ రెండేళ్లలోనే అని నేను అనుకుంటాను. సెవెంత్ అవెన్యూ నేల ధర దాని తర్వాతి మాట.

దీనికి మొదట వచ్చే ఆక్షేపణ చేతకానితనం. ఇదేదో వ్యవస్థ తప్పు అంటున్నారు కానీ నడిపినవాళ్లే ముంచారు కదా అని. నిజమే, ముంచారు. 2000లో సెయింట్ విన్సెంట్స్, బ్రూక్లిన్, క్వీన్స్, స్టాటెన్ ఐలండ్‌లలోని కాథలిక్ ఆసుపత్రులతో కలిసి ఒకే పెద్ద సంస్థగా మారింది. పెద్దదైతే బీమా కంపెనీలతో గట్టిగా బేరమాడొచ్చని ఆశ. తీరా చూస్తే చేరినవాటిలో చాలావరకు ఇంకా బీద పేటల్లో, ఇంకా నష్టాల్లో ఉన్నవి. మునిగేవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకున్నట్టయింది. లెక్కల విధానాలు కలవలేదు, సలహాదారులకు, పై అధికారులకు డబ్బు ధారపోశారు, 2005 జూలైలో దివాలా కోర్టుకెక్కారు, మిగతా ఆసుపత్రులను ఒక్కొక్కటిగా అమ్మేసో మూసేసో 2007లో బయటపడ్డారు. బయటపడ్డా అప్పు తీరలేదు. ఇంత చేతకానితనాన్ని నేను వెనకేసుకు రాను. అయితే అదే నగరంలో, అదే దశాబ్దంలో ఎన్ని మూతపడ్డాయో కూడా చూడాలి. సెయింట్ ఫ్రాన్సెస్ కాబ్రిని పేరు పెట్టుకున్న కాబ్రిని మెడికల్ సెంటర్ 2008లో పోయింది. బ్రూక్లిన్‌లో లాంగ్ ఐలండ్ కాలేజ్ హాస్పిటల్ మీద గొడవలో, ఆ తర్వాత మేయరైన బిల్ డి బ్లాసియో 2013లో అరెస్టు కూడా అయ్యాడు, అయినా అది మరుసటి ఏడాది మూతపడింది. వీటి యజమానులు వేరు, అధికారులు వేరు, తప్పులు వేరు. అందరూ ఒకే కాలంలో చేతకానివాళ్లయ్యారా? ఒంట్లో సత్తువ ఉన్నవాడు జ్వరాన్ని తట్టుకుంటాడు, ఎండిపోయినవాణ్ని జలుబే పడగొడుతుంది. సలహాదారుల ఫీజులు ఆ జలుబు.

రెండో ఆక్షేపణ ఇంకా పదునైనది: పేట జనమే ఆ ఆసుపత్రిని వదిలేశారు కదా? అవును. రేవు కూలీలు, ఐరిష్ కుటుంబాలు, చౌక గదుల్లో బతికిన కవులూ చిత్రకారులూ పోయి, 1980ల తర్వాత విలేజ్‌లో స్థిరపడింది పెద్ద జీతాల వకీళ్లు, బ్యాంకర్లు. వాళ్లకు మంచి బీమా ఉంది. మోకాలి మార్పిడికో, కాన్పుకో, కాన్సర్‌కో టాక్సీ ఎక్కి నగరం ఎగువ భాగంలోని పేరున్న ఆసుపత్రులకు వెళ్లేవారు. 1998లో రెండు పెద్దవి కలిసిపోయి న్యూయార్క్–ప్రెస్బిటీరియన్ అయ్యాక అలాంటి సంస్థల బేరసారాల బలం చెప్పనలవి కాదు. పెద్ద పేరున్నవాటికి బీమా కంపెనీలు ఎక్కువిచ్చాయి, సెయింట్ విన్సెంట్స్‌కు తక్కువిచ్చాయి. విలేజ్ బ్యాంకరు అర్ధరాత్రి గుండె పట్టుకుని కూలితే మాత్రం పదకొండో వీధికే మోసుకొచ్చేవారు. మూసేనాటికి ఎమర్జెన్సీకి ఏడాదికి దాదాపు 60,000 మంది వస్తున్నారు. ఎవరూ అక్కర్లేదనుకున్న చోటికి అంతమంది రారు. లాభమొచ్చే జబ్బులు పైకి పోయాయి, నష్టమొచ్చే ఆపదలు ఇక్కడ మిగిలాయి. ఆ బ్యాంకరు మోసం చేశాడని నేను అనను. మంచి డాక్టరు ఎక్కడుంటే అక్కడికి వెళ్లడం ఎవరైనా చేసే పనే. కానీ తాను పగలు ఒక చోట ఇచ్చే డబ్బుకీ, రాత్రి ఇంకో చోట తన కోసం ఎవరో మేలుకుని ఉండటానికీ సంబంధం ఉందని అతనికి ఏ బిల్లూ చెప్పలేదు. ఆక్షేపణ చేసినవాళ్లు నా వాదనకే బలం ఇస్తున్నారు. మార్కెట్టు కొనేది చికిత్సను, దగ్గరతనాన్ని కాదు.

మూడోది ప్రభుత్వ అధికారుల మాట: న్యూయార్క్‌లో పడకలు అవసరానికి మించి ఉన్నాయి, కొన్ని పోవాల్సిందే. ఆరోగ్య సంస్థల పునర్వ్యవస్థీకరణ కోసం రాష్ట్రం వేసిన బెర్గర్ కమిషన్ 2006 నవంబరులో తొమ్మిది ఆసుపత్రుల్ని మూసేయమని సిఫారసు చేసింది. దీన్ని తేలిగ్గా కొట్టేయలేను. రోగులు ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయి, పాతికేళ్ల కింద వారం పడుకునే ఆపరేషన్‌కు ఇప్పుడు సాయంత్రం ఇంటికి పంపేస్తున్నారు. ఖాళీ పడకలు నిలబెట్టడానికి అయ్యే ఖర్చు చివరికి ప్రజలదే. అయితే ఈ లెక్క నగరం మొత్తానికి తీసిన సగటు. మన్‌హాటన్‌లో ఆసుపత్రులు ఎక్కడున్నాయో చూడండి. ఫస్ట్ అవెన్యూ, యార్క్ అవెన్యూల వెంబడి తూర్పు అంచున బెల్‌వ్యూ దగ్గరి నుంచి ఎగువకు గుంపుగా ఉన్నాయి, ఆ దారికి బెడ్‌పాన్ సందు అని అక్కడివాళ్లు సరదాగా పేరు పెట్టుకున్నారు. పడమటి అంచున, విలేజ్ నుంచి దక్షిణ కొసదాకా పెద్ద ట్రామా కేంద్రం సెయింట్ విన్సెంట్స్ ఒక్కటే. పడమటి నుంచి తూర్పుకు అడ్డంగా పోయే వీధులు ఇరుకు, సాయంత్రం అయిదింటికి అంబులెన్సు సైరనుకు కార్లు పక్కకు తప్పుకోవడానికి కూడా చోటుండదు. పడకల మిగులును కాగితం మీద లెక్కపెట్టొచ్చు, నిమిషాల కొరతను లెక్కపెట్టే గడి ఆ కాగితం మీద లేదు.

ఇప్పుడు మళ్లీ నేల సంగతికి వద్దాం. 2007లో ఆసుపత్రి వేసిన ఎత్తు ఇదీ: సెవెంత్ అవెన్యూ తూర్పున ఉన్న పాత భవనాల్ని రూడిన్‌కు అమ్మి, ఆ డబ్బుతో పడమటి వైపు ఓటూల్ భవనం కూల్చి అక్కడ కొత్త ఆసుపత్రి కట్టాలి. ఓటూల్ భవనం చిత్రమైనది. 1964లో ఆల్బర్ట్ లెడ్నర్ అనే వాస్తుశిల్పి నావికుల సంఘం కోసం తెల్లగా, అంచులు అలల్లా కోసినట్టు, ఓడను గుర్తుచేసేలా కట్టాడు. చారిత్రక కట్టడాల రక్షణ కమిషన్ 2008లో ముందు దాన్ని కూల్చడానికి వీల్లేదంది, తర్వాత ఆసుపత్రి కష్టం చూసి సరేనంది. అంత ఎత్తు భవనాలు మా పేటలో వద్దంటూ ఇరుగుపొరుగు కోర్టుకెళ్లారు. ఇలా ఏడాదిన్నర గడిచింది, ఆ మధ్యలోనే ఆర్థిక మాంద్యం వచ్చింది. గమనించండి, ఈ కథలో నేల ఆసుపత్రిని మింగిన భూతం కాదు, ఆసుపత్రి చేతిలో మిగిలిన చివరి నగ. అది కుదువ పెట్టి ఇంకో ఇరవై ఏళ్లు బతుకుదామని చూసింది, కుదరలేదు. అసలు నగ అమ్మి పూట గడుపుకోవాల్సిన గతి ఎందుకు పట్టిందన్నదే చరిత్రకారుడు అడగాల్సిన ప్రశ్న.

చివరి మూడు నెలలు చకచకా ముగిశాయి. 2010 జనవరికి అప్పు 700 మిలియన్ డాలర్లు దాటింది. రాష్ట్ర ప్రభుత్వం ఆరు మిలియన్ల అత్యవసర అప్పు ఇచ్చింది, అది సిబ్బంది జీతాలకు కొద్ది వారాలు కూడా చాలదు. మౌంట్ సైనాయ్ ఆసుపత్రి తీసుకోవచ్చన్నారు, అదీ తప్పుకుంది. వీధిలో కొవ్వొత్తుల ప్రదర్శనలు, కిటికీల్లో మా ఆసుపత్రిని కాపాడండి అన్న అట్టలు. ఏప్రిల్ 6న పాలకమండలి మూసేయాలని ఓటు వేసింది, 14న దివాలా పిటిషన్ పడింది, ఆ నెలాఖరుకు అంబులెన్సులను వేరే దారి పట్టించారు. సుమారు 400 పడకలు, మూడున్నర వేల ఉద్యోగాలు పోయాయి. ఇంత పెద్ద నగరం, అందులోనూ లోకానికి డబ్బు లెక్కలు నేర్పే వాల్‌స్ట్రీట్ రెండు మైళ్లలోనే ఉన్న నగరం, ఈ ఒక్క ఖాతా కుదుర్చుకోలేకపోయింది.

ఓటూల్ భవనం మాత్రం కూలలేదు. రూడిన్ సంస్థ దాన్ని వేరే ఆసుపత్రి సంస్థకు ఇచ్చింది, 2014లో అక్కడ లెనాక్స్ హిల్ హెల్త్‌ప్లెక్స్ తెరుచుకుంది. మన్‌హాటన్‌లో ఆసుపత్రి లేకుండా నడిచే మొదటి ఎమర్జెన్సీ అది. ఇరవై నాలుగు గంటలూ డాక్టర్లుంటారు, స్కానింగులుంటాయి, విరిగిన చేతికి కట్టు కడతారు. పైన వార్డుల్లేవు. గుండె ఆపరేషనో, మెదడులో రక్తస్రావమో అయితే మళ్లీ అంబులెన్సు ఎక్కించి వేరే చోటికి పంపాలి. ఎదురుగా ఉన్న ముక్కోణపు స్థలంలో 2016 డిసెంబరు 1న ఎయిడ్స్ మృతుల స్మారకం వెలిసింది, తెల్లటి ఇనుప పందిరి, కింద రాతి పలకలు. సెయింట్ విన్సెంట్స్ మూతపడ్డాక ఆ పేట రోగుల్లో చాలామంది వెళ్లింది ఫస్ట్ అవెన్యూ, పదహారో వీధి దగ్గరి బెత్ ఇజ్రాయెల్‌కు. 1889లో లోయర్ ఈస్ట్ సైడ్ యూదు వలస కూలీలు తలా పాతిక సెంట్లు చందా వేసుకుని మొదలుపెట్టిన సంస్థ అది. 2025 ఏప్రిల్‌లో అదీ తలుపులు మూసింది. దాని కథ వచ్చే భాగంలో.